పాటల చుట్టూ అల్లుకున్న కట్టుకథలు మొదట ఎక్కడ పుడతాయి?

మీ ప్రశ్నలో రెండు కథలను ప్రస్తావించారు. ఓహియో ప్లేయర్స్ బృందం పాడిన "లవ్ రోలర్‌కోస్టర్" పాట మధ్యలో వినిపించే కేక నిజంగా హత్యకు గురవుతున్న స్త్రీదేనన్నది ఒకటి. బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్‌నీ 1966లోనే చనిపోగా ఆ బృందం అతని పోలికలున్న మరొకరిని తెచ్చి లోకాన్ని నమ్మించిందన్నది రెండోది. ఇటువంటివి మొదట ఎవరు పుట్టిస్తారు, అమ్మకాల కోసం రికార్డు కంపెనీలే అల్లుతాయా, నిప్పు లేనిదే పొగ వస్తుందా అని అడిగారు. చాలా ఏళ్లుగా పాత రికార్డులనూ, ఆనాటి పత్రికలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నవాడిగా నా అభిప్రాయం ఇది: ఈ కథలను మొదటినుంచి చివరిదాకా ఒక్కరే కూర్చుని అల్లిన సందర్భాలు చాలా తక్కువ. రికార్డులోనో, కళాకారుడి జీవితంలోనో ముందుగా ఒక ఖాళీ ఉంటుంది. వినేవాళ్లు ఆ ఖాళీని తమకు తోచిన దానితో పూరిస్తారు. అసలు సంగతి తెలిసి, ఒక్క మాటతో ఆ ఖాళీని మూసేయగలిగినవారు ఏదో ఒక కారణంతో నోరు విప్పరు. మౌనం అర్ధాంగీకారమన్న సామెత ఈ రంగానికి అతికినట్టు మరే రంగానికీ అతకదు.

ముందుగా మీరు అడిగిన కేక సంగతి చూద్దాం. ఆ పాట 1975లో వెలువడిన "హనీ" ఆల్బమ్‌లోది, 1976 జనవరిలో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. గాత్రం ఆగి వాద్యాలు మాత్రమే సాగుతున్నచోట వెనుకనుంచి ఒక సన్నని, పదునైన అరుపు వినిపిస్తుంది. ఆ అరుపు బృందంలో కీబోర్డులు వాయించే బిల్లీ బెక్‌ది. పాట పేరులోనే ఉన్న రోలర్‌కోస్టర్ ఎక్కినవాళ్లు అరిచే తీరును అతను పాటలోకి తెచ్చాడు, అంతకుమించి అందులో రహస్యమేమీ లేదు. అయితే ఆ ఆల్బమ్ అట్టమీద ఒంటినిండా తేనె కారుతున్న మోడల్ బొమ్మ ఉంది. ఫొటో తీసేటప్పుడు ఆ ద్రవం ఆమె చర్మాన్ని కాల్చేసిందనీ, ఆమె నష్టపరిహారం కోసం రికార్డింగ్ జరుగుతున్న స్టూడియోలోకి దూసుకొచ్చి గొడవ పడగా అక్కడే పొడిచి చంపారనీ, ఆ అరుపే టేపులో పడిందనీ కథ అల్లుకుంది. అట్టమీది బొమ్మ, పాటలోని కేక, ఈ రెండింటికీ సంబంధమే లేదు. ఒకే వస్తువు మీద రెండూ ఉండడంవల్ల వినేవాళ్ల మనసు వాటిని ముడివేసింది. బృందంలోని డ్రమ్మర్ జిమ్మీ విలియమ్స్ తరువాతి కాలంలో చెప్పిన దాని ప్రకారం, ఒక రేడియో వ్యాఖ్యాత ఆ అరుపు గురించి సరదాగా అన్న మాట దేశమంతా పాకింది. బృందం మాత్రం నోరు మెదపకూడదని నిర్ణయించుకుంది, ఎందుకంటే ఆ మౌనంవల్ల రికార్డులు ఇంకా ఎక్కువగా అమ్ముడుపోతాయి. కంపెనీలే అల్లుతాయా అన్న మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. అల్లడం అవసరం లేదు, ఖండించకుండా ఉంటే చాలు.

ఖాళీ అన్నాను కాబట్టి, మాటలే సరిగా వినపడని పాట ఒకటి చెప్పాలి, ఎందుకంటే వినపడని మాటకు మించిన ఖాళీ లేదు. రిచర్డ్ బెర్రీ రాసిన "లూయీ లూయీ" పాటలో ఒక నావికుడు దూరంగా ఉన్న తన ప్రియురాలిని తలుచుకుంటూ లూయీ అనే వ్యక్తికి తన గోడు చెప్పుకుంటాడు, అంతే. ఆ పాటను కింగ్స్‌మెన్ అనే కుర్రవాళ్ల బృందం 1963 ఏప్రిల్‌లో పోర్ట్‌లాండ్ నగరంలో చవకగా, తొందరగా రికార్డు చేసింది. మైకు పైన ఎక్కడో వేలాడుతుండగా గాయకుడు జాక్ ఈలీ మెడ ఎత్తి అరిచినట్టు పాడవలసి వచ్చింది. మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. గిటారు తరువాత వచ్చే చరణాన్ని అతను తొందరపడి ముందే ఎత్తుకుని, పొరపాటు గ్రహించి ఆగిపోగా, డ్రమ్మర్ ఒక చిన్న దరువుతో ఆ తప్పును కప్పిపుచ్చాడు. ఇప్పుడు విన్నా ఆ తడబాటు స్పష్టంగా తెలుస్తుంది. పాటలో బూతులున్నాయన్న ప్రచారం పాఠశాలల్లో మొదలైంది. ఎవరికి తోచిన బూతు సాహిత్యాన్ని వాళ్లు కాగితాలమీద రాసి చేతులు మార్చుకున్నారు. 1964 జనవరిలో ఇండియానా గవర్నర్ ఆ పాట అశ్లీలమని ప్రకటించి, దాన్ని ప్రసారం చేయవద్దని రేడియోవారిని కోరాడు. తల్లిదండ్రుల ఫిర్యాదులు అందడంతో ఎఫ్‌బీఐ రంగంలోకి దిగి, ఆ రికార్డును రకరకాల వేగాల్లో తిప్పి వింది. రెండేళ్లకు పైగా సాగిన ఆ విచారణ చివరికి తేల్చిందల్లా, ఏ వేగంలో విన్నా మాటలు అర్థం కావని.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ రికార్డులో నిజంగానే ఒక బూతుమాట ఉంది. పాట మొదలైన 54వ సెకను దగ్గర చెవి పెట్టి వింటే, చరణాల మధ్య వెనుకనుంచి డ్రమ్మర్ లిన్ ఈస్టన్ గొంతు వినిపిస్తుంది. వాయించడంలో ఏదో తేడా వచ్చి విసుగుతో నోరు జారాడు. అది పాట సాహిత్యంలో భాగం కాదు కాబట్టి, సాహిత్యంలో బూతు కోసం వెదికిన విచారణాధికారుల చెవికి అది ఆనలేదు. వాళ్లకు ముందే అందిన కాగితాలలో ఏముందో దానికోసమే వాళ్లు విన్నారు. నిప్పు, పొగ సామెతకు ఈ పాట ఇచ్చే జవాబు కొంచెం చిక్కుగా ఉంటుంది: నిప్పూ ఉంది, పొగా ఉంది, కానీ ఆ పొగ ఈ నిప్పునుంచి వచ్చింది కాదు.

ఇక మెకార్ట్‌నీ మరణం సంగతి. దీని పుట్టుకను దాదాపు రోజులవారీగా చెప్పవచ్చు, అందుకే ఈ అంశంమీద ఆసక్తి ఉన్నవారికి దీన్నే మొదటి పాఠంగా సూచిస్తాను. 1967 ఆరంభంలో లండన్‌లో, అతని కారు మోటార్‌వే మీద ప్రమాదానికి గురైందన్న వదంతి ఒకటి లేచి, అభిమానుల పత్రిక ఖండించగానే చల్లారిపోయింది. అసలు కథ 1969 సెప్టెంబరు 17న అమెరికాలోని డెమోయిన్‌లో, డ్రేక్ విశ్వవిద్యాలయ విద్యార్థి పత్రికలో వచ్చిన వ్యాసంతో అచ్చుకెక్కింది. ఆ వ్యాసం విద్యార్థుల మధ్య తిరుగుతున్న మాటలను మాత్రమే ఏకరువు పెట్టింది. అక్టోబరు 12న డెట్రాయిట్‌లోని ఒక రేడియో కేంద్రానికి ఒక శ్రోత ఫోన్ చేసి, బీటిల్స్ రికార్డు "రెవల్యూషన్ 9"ను వెనక్కి తిప్పి వినమని వ్యాఖ్యాత రస్ గిబ్‌కు చెప్పాడు. అతను ప్రసారంలోనే తిప్పి వినిపించాడు. ఆ కార్యక్రమాన్ని మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఫ్రెడ్ లబోర్ విన్నాడు. విద్యార్థి పత్రికకు "అబీ రోడ్" ఆల్బమ్ సమీక్ష రాయవలసిన బాధ్యత అప్పుడు అతనిమీద ఉంది. సమీక్షకు బదులు అతను ఒక హాస్యరచన చేశాడు. అక్టోబరు 14న అచ్చయిన ఆ రచనలో, చనిపోయిన పాల్ స్థానంలోకి వచ్చినవాడి పేరు విలియం క్యాంప్‌బెల్ అని రాశాడు. ఆ పేరు అతని సొంత కల్పన. బీటిల్స్ పాటల్లో వచ్చే వాల్రస్ అనే సముద్రజంతువు పేరుకు గ్రీకు భాషలో శవమని అర్థమని కూడా రాశాడు, అలాంటి అర్థం ఏ గ్రీకు నిఘంటువులోనూ లేదు. నవ్వించడానికి రాసిన ఈ వివరాలను పెద్ద పత్రికలూ రేడియోలూ ఆధారాలుగా స్వీకరించాయి. ఈనాటికీ ఈ కథ చెప్పేవాళ్లు ఆ క్యాంప్‌బెల్ పేరు పలుకుతూనే ఉంటారు.

"అబీ రోడ్" ఆల్బమ్ అట్ట కూడా సహకరించింది. 1969 ఆగస్టు 8న ఫొటోగ్రాఫర్ ఇయన్ మెక్‌మిలన్ స్టూడియో ఎదుట రోడ్డుమధ్యలో నిలబెట్టిన నిచ్చెన ఎక్కి, నలుగురూ రోడ్డు దాటుతుండగా కొన్ని ఫొటోలు తీశాడు. వేసవి కాబట్టి పాల్ చెప్పులు విడిచేశాడు. దాన్ని శవాన్ని చెప్పులు లేకుండా పూడ్చే ఆచారంగా వ్యాఖ్యానించారు. తెల్లబట్టల లెనన్ మతగురువు, నల్లబట్టల రింగో అంత్యక్రియలు జరిపించేవాడు, జీన్స్ బట్టల హారిసన్ గోతులు తవ్వేవాడు అయ్యారు. పక్కన నిలిపి ఉన్న ఫోక్స్‌వ్యాగన్ కారు నంబరు చివర కనబడే "28ఐఎఫ్" అన్న అక్షరాలకు, బతికి ఉంటే అతనికి 28 ఏళ్లు అని అర్థం చెప్పారు. అతను 1942 జూన్‌లో పుట్టాడు కాబట్టి అప్పటికి నిజంగా 27 ఏళ్లే, లెక్క తప్పింది. ఈ లెక్క తప్పును ఎత్తిచూపితే నమ్మేవాళ్లు, తల్లి గర్భంలోని కాలాన్ని కూడా కలుపుకోవాలన్నారు. ఆధారం తప్పిందని తేలినప్పుడు కథను వదులుకోకుండా ఆధారాన్నే సాగదీయడం ఇలాంటి కథలన్నిటిలోనూ కనబడుతుంది.

నాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించేది మరొకటి. ఆ నెలల్లో బీటిల్స్ నిజంగానే ఒక రహస్యం దాస్తున్నారు. 1969 సెప్టెంబరులో, విద్యార్థి పత్రిక వ్యాసం వచ్చిన కొద్ది రోజులకే, తాను బృందాన్ని విడిచిపెడుతున్నానని జాన్ లెనన్ మిగిలినవారితో చెప్పాడు. వ్యాపార ఒప్పందాల దృష్ట్యా ఆ సంగతి బయటికి పొక్కకుండా చూశారు. మెకార్ట్‌నీ భార్యాపిల్లలతో స్కాట్‌లాండ్‌లోని తన పొలానికి వెళ్లిపోయి ఎవరికీ కనబడలేదు. ఏదో జరిగిందని అభిమానులు పసిగట్టిన మాట నిజం, కానీ జరిగిందేమిటన్నది వాళ్లు ఊహించలేకపోయారు. "లైఫ్" పత్రికవారు ఆ పొలందాకా వెళ్లి, అతను బతికే ఉన్నాడంటూ 1969 నవంబరు 7 సంచికలో కుటుంబ సమేతంగా ఉన్న ఫొటోను ముఖచిత్రంగా వేశారు. ఆ సంభాషణలోనే, బీటిల్స్ వ్యవహారం ముగిసిపోయిందని మెకార్ట్‌నీ స్పష్టంగా అన్నాడు. అయిదు నెలల తరువాత 1970 ఏప్రిల్‌లో ప్రపంచాన్ని కుదిపిన వార్త అదే. అచ్చులో కళ్లెదుట ఉన్నా అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అతను బతికున్నాడా లేదా అని చూడడానికే అందరూ ఆ పత్రికను కొన్నారు.

వెనక్కి తిప్పి వినే అలవాటు ఆ ఫోన్ పిలుపుతోనే విస్తరించింది కాబట్టి దాని సంగతి కూడా చెబుతాను. మోటారు ఆపేసి, సూదిని గాడిలోనే ఉంచి, చూపుడువేలితో రికార్డును మెల్లగా ఎడమవైపుకు తిప్పితే ఆ పాటలో పదేపదే వచ్చే "నంబర్ నైన్" అన్న మాట తలకిందులవుతుంది. "నైన్" అన్న మాట "న" ధ్వనితో మొదలై "న" ధ్వనితోనే ముగుస్తుంది, మధ్యలోని "ఐ" తిరగబడి "యా"కు దగ్గరవుతుంది, అంటే చెవికి "న్యాన్" అని వినిపిస్తుంది. దాన్ని "మ్యాన్"గా వినడానికి ఎంతో శ్రమ అక్కర్లేదు. మొత్తం కలిపి "టర్న్ మీ ఆన్, డెడ్ మ్యాన్" అని వినమని ముందే చెబితే అలాగే వినిపిస్తుంది. చెప్పకముందు ఎవరికైనా వినిపిస్తే గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలించిన శబ్దంలా ఉందంటారు. నేను చాలామందిమీద ఈ ప్రయోగం చేశాను, చెప్పకముందు ఆ వాక్యాన్ని విన్నవారు ఒక్కరూ లేరు.

దీన్నే కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రజ్ఞులు వోకీ, రీడ్ పద్ధతి ప్రకారం పరీక్షించి 1985లో ఫలితాలు ప్రకటించారు. తిరగేసిన మాటలు విన్నవారు, మాట్లాడింది ఆడా మగా అన్నది చెప్పగలిగారు గాని, ఆ మాటల అర్థాన్ని మాత్రం తెలిసిగానీ తెలియకగానీ పట్టుకోలేకపోయారు. ఫలానా వాక్యం ఉంటుంది వెదకండి అని చెబితే మాత్రం ఎక్కువమంది దాన్ని విన్నారు. అప్పటికే అమెరికాలో ఈ విషయం చట్టసభలకెక్కింది. 1982లో కాలిఫోర్నియా శాసనసభ సంఘం ఎదుట లెడ్ జెప్పెలిన్ బృందం పాడిన "స్టెయిర్‌వే టు హెవెన్" పాటను వెనక్కి తిప్పి వినిపించారు. 1990లో నెవాడాలోని రీనోలో జుడాస్ ప్రీస్ట్ అనే రాక్ బృందంమీద నడిచిన వ్యాజ్యం విషాదకరమైన మరణాలతో ముడిపడినది. పాటలో దాగి ఉన్న ఒక ఆదేశమే ఆ మరణాలకు కారణమని వాది పక్షం ఆరోపించింది. గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ తన పాటలనే తిరగేసి వెదికి, "అమ్మా, చూడు, నా కుర్చీ విరిగింది" అన్న అర్థం వచ్చే వాక్యాన్ని పట్టుకుని న్యాయస్థానంలో వినిపించాడు. వెదికితే ఏదైనా దొరుకుతుందని చూపడమే అతని ఉద్దేశం. ఆ శబ్దాలు యాదృచ్ఛికంగా కలిసినవేగాని కావాలని పెట్టినవి కావని న్యాయమూర్తి తీర్పు చెప్పాడు. ఈ ప్రచారాలు సాగుతుండగానే కొందరు సంగీతకారులు నిజంగానే తిరగేసిన వాక్యాలను సరదాకు పెట్టసాగారు. పింక్ ఫ్లాయిడ్ 1979లో ఒక పాటలో, రహస్య సందేశాన్ని కనిపెట్టినందుకు మీకు అభినందనలు అని తిరగేసి పెట్టింది.

రికార్డులో ఖాళీ ఒక రకం, జీవితంలో ఖాళీ మరో రకం. అమెరికా నల్లజాతీయుల బ్లూస్ సంగీతంలో పేరుపొందిన గాయకుడు రాబర్ట్ జాన్సన్ నాలుగు దారుల కూడలిలో అర్ధరాత్రి సైతానుకు ఆత్మను అమ్ముకుని గిటారు విద్యను పొందాడన్న కథ మీరు వినే ఉంటారు. అతను 1911లో మిసిసిపీలో పుట్టి, 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలోనూ 1937 జూన్‌లో డాలస్‌లోనూ 29 పాటలు రికార్డు చేసి, 1938 ఆగస్టు 16న 27వ ఏట చనిపోయాడు. అతని పాటలను 1961లో ఎల్‌పీగా మళ్లీ విడుదల చేసి కొత్త తరానికి అందించినప్పుడు అట్టమీద వేయడానికి ఒక ఫొటో కూడా లేక బొమ్మ గీయించారు. వీధుల్లో అతను తిరిగిన ఏళ్ల గురించి అచ్చులో దాదాపు ఏమీ లేదు. పాత గాయకుడు సన్ హౌస్ మాత్రం, మొదట గిటారు పట్టుకోవడమే సరిగా రాని కుర్రవాడు కొంతకాలం మాయమై తిరిగి వచ్చేసరికి అందరినీ మించిపోయాడని గుర్తుచేసుకున్నాడు. ఆ మాయమైన కాలమే ఖాళీ.

ఆ ఖాళీలోకి వచ్చి చేరిన కథ మరొకరిది. కూడలిలో నల్లటి వ్యక్తికి గిటారు ఇచ్చి శ్రుతి చేయించుకున్నానని చెప్పుకున్నవాడు టామీ జాన్సన్ అనే వేరే గాయకుడు, రాబర్ట్‌కు చుట్టం కూడా కాదు. ఈ సంగతి టామీ అన్న లెడెల్ పరిశోధకుడు డేవిడ్ ఎవాన్స్‌కు చెప్పగా గ్రంథస్థమైంది. ఇంటిపేరు ఒకటే కావడం, రాబర్ట్ పాటల్లో ఒకదాని పేరులో కూడలి ఉండడం, మరో పాటలో సైతాను ప్రస్తావన ఉండడం కలిసి, తక్కువ పేరున్నవాడి కథ ఎక్కువ పేరున్నవాడికి బదిలీ అయింది. ఆ కూడలి పాటను నిదానంగా వినండి: అందులో కథానాయకుడు మోకరిల్లి దేవుణ్ణి కరుణించమని వేడుకుంటాడు, పొద్దు వాలుతుండగా ఎవరూ తనను బండి ఎక్కించుకోవడం లేదని వాపోతాడు. సైతాను పేరే రాదు. నల్లజాతీయుడు చీకటిపడ్డాక తెలియనిచోట ఒంటరిగా చిక్కుకోవడం ఆనాటి మిసిసిపీలో ఎంత ప్రమాదమో తెలిసినవారికి ఆ పాటలోని భయానికి వేరే వివరణ అక్కర్లేదు. ఇక ఆ మాయమైన కాలంలో అతనికి విద్య నేర్పినవాడు ఐక్ జిమర్‌మన్ అనే గిటారు వాద్యకారుడు. ఇద్దరూ రాత్రిపూట శ్మశానంలో సమాధులమీద కూర్చుని సాధన చేసేవారు, ఎంత చెడ్డగా వాయించినా అక్కడ విసుక్కునేవారుండరు కాబట్టి. ఇది సైతాను కథకంటె మంచి కథ అని నా అభిప్రాయం, కానీ సాధన అన్న మాటకు జనం చెవి కోసుకోరు.

ఈ మూస కొత్తది కాదు. వయొలిన్ విద్వాంసుడు పగనీనీకి విల్లు నడిపేది సైతానేనని 19వ శతాబ్దపు ఐరోపాలో చెప్పుకున్నారు. తాను మనుషులకే పుట్టానని చూపడానికి అతను తల్లి రాసిన ఉత్తరాన్ని పత్రికలకు ఇవ్వవలసి వచ్చింది. 1840లో నీస్‌లో చనిపోతే చర్చి భూమిలో పూడ్చడానికి అనుమతి దొరకలేదు. శవపేటిక ఏళ్లతరబడి ఒకచోటినుంచి మరొకచోటికి మారుతూ చివరికి 1876లో పార్మాకు చేరింది. టికెట్లు అమ్ముడైనంతకాలం ఆ పుకారును అతనూ పెద్దగా అడ్డుకోలేదు.

కళాకారుడే విసుగుతోనో సరదాగానో అన్న మాట కథగా మారిన సందర్భాలూ ఉన్నాయి. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ 1973లో మాదకద్రవ్యాల అలవాటుకు చికిత్స కోసం స్విట్జర్లాండ్ వెళుతూ, ప్రశ్నలతో వేధిస్తున్న విలేకరులతో రక్తం మార్పించుకోవడానికి వెళుతున్నానని అన్నాడు. తాను వేళాకోళానికి అన్న ఆ మాటను ఎంత ఖండించినా ఇక ఎవరూ వినలేదు. రాక్ గాయకుడు ఆలిస్ కూపర్ సంగతి ఇంకా విచిత్రం. 1969 సెప్టెంబరులో టొరంటోలో జరిగిన కచేరీలో వేదికమీదికి వచ్చిన కోడిని, అది ఎగిరిపోతుందనుకుని, అతను ప్రేక్షకుల మీదికి విసిరాడు. ముందువరుసలోని జనం దాన్ని చీల్చేశారు. మర్నాటి పత్రికలు మాత్రం అతనే తల కొరికి రక్తం తాగాడని రాశాయి. అతని ఆల్బమ్‌లను ప్రచురిస్తున్న ఫ్రాంక్ జాపా ఫోన్ చేసి నిజమేనా అని అడిగి, కాదని తెలుసుకున్నాక, ఆ కాదన్న సంగతి ఎవరికీ చెప్పవద్దని సలహా ఇచ్చాడు. పన్నెండేళ్ల తరువాత 1982 జనవరిలో మరో రాక్ గాయకుడు ఓజీ ఆజ్‌బోర్న్ వేదికమీద పడిన గబ్బిలాన్ని రబ్బరు బొమ్మ అనుకుని నిజంగానే కొరికాడు. అది జరిగింది కూడా డెమోయిన్‌లోనే, మెకార్ట్‌నీ మరణవార్త మొదట అచ్చయిన ఊళ్లోనే. దీన్నిబట్టి ఎవరైనా ఒక కొత్త సిద్ధాంతం అల్లితే ఆ బాధ్యత నాది కాదు.

మరి పూర్తిగా అల్లిన కథలే లేవా అంటే, ఉన్నాయి. మామాస్ అండ్ ది పాపాస్ గాయని క్యాస్ ఎలియట్ 1974 జూలై 29న లండన్‌లో 32వ ఏట చనిపోయింది. గదిలో ముట్టుకోని శాండ్‌విచ్ ఒకటి కనబడడంతో, అది గొంతుకు అడ్డుపడిందని మొదటిరోజు పత్రికలలో వచ్చింది. శవపరీక్షలో గొంతులో ఆహారమేమీ లేదనీ, గుండె ఆగిపోవడమే కారణమనీ తేలింది. అయినా ఆ శాండ్‌విచ్ పరిహాసం అర్ధశతాబ్దం ఆమెను వెన్నాడింది. ఆ వార్త రాసిన పాత్రికేయురాలు సూ కామెరన్ చాలాకాలం తరువాత, ఎలియట్ మేనేజర్ అలన్ కారే తనను అలా రాయమని వేడుకున్నాడని వెల్లడించింది. మాదకద్రవ్యాల అనుమానం వస్తే పరువు పోతుందని భయపడి, దానికంటె ఇది నయమని అతను అనుకున్నాడట. ఆమె కుమార్తె తన జ్ఞాపకాల పుస్తకంలో ఈ సంగతి రాసింది. ఇక్కడ అల్లింది శత్రువు కాదు, ఆమె మేలుకోరినవాడే. లావుగా ఉన్న స్త్రీమీద తిండి కథ ఎంత తేలికగా అతుకుతుందో ఆ మేలుకోరిన మనిషి ఆలోచించలేదు.

ఫిల్ కాలిన్స్ 1981లో పాడిన "ఇన్ ది ఎయిర్ టునైట్" గురించి, మునిగిపోతున్నవాణ్ణి కాపాడకుండా చూస్తూ నిలబడ్డ మనిషిని కాలిన్స్ కళ్లారా చూశాడని, తరువాత వాణ్ణి కచేరీకి పిలిచి దీపం వెలుగు ముఖంమీద వేయించి పాడాడని చెబుతారు. విడాకుల బాధలో, మైకు ముందు అప్పటికప్పుడు నోటికొచ్చిన మాటలతో ఆ పాట పుట్టిందని కాలిన్స్ ఎన్నోసార్లు చెప్పాడు. పాటలో "నువ్వు మునిగిపోతుంటే" అన్న ఉపమానాన్ని అక్షరాలా తీసుకోవడమే ఆ కథకు మూలం. 2000లో ఎమినెమ్ పాడిన "స్టాన్" పాటలోని పాత్ర ఇదే కథను నిజంగా నమ్మి చెబుతుంది కాబట్టి, కాలిన్స్ పాట విననివాళ్లకు కూడా ఆ కథ చేరింది.

పేరున్న సంగీతకారులు 27వ ఏట చనిపోతారన్న శాపం గురించి ఎక్కువ చెప్పను. 1969 జూలైనుంచి 1971 జూలైదాకా రెండేళ్లలో బ్రయాన్ జోన్స్, జిమీ హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్, జిమ్ మోరిసన్ అదే వయసులో చనిపోవడం విచిత్రమే. 1994లో కర్ట్ కొబేన్, 2011లో ఏమీ వైన్‌హౌస్ మరణాలతో అది సంఘంగా పేరు తెచ్చుకుంది. 2011లో ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనం, బ్రిటన్‌లో మొదటి స్థానం పొందిన ఆల్బమ్‌లకు చెందిన 1,046 మంది సంగీతకారులను లెక్కించి, 27వ ఏట మరణాలేమీ పెరగలేదని, కానీ ఇరవైలలోనూ ముప్పైలలోనూ వారి మరణాల రేటు సామాన్యులకంటె రెండు మూడు రెట్లు ఉందని తేల్చింది. 2024లో మరో పరిశోధన, 27లో చనిపోయినవారికి ఆ వయసు కారణంగానే జనంలో ఎక్కువ గుర్తింపు వస్తోందని వికీపీడియా చదువరుల లెక్కలతో చూపింది. కథ అబద్ధమే, కానీ ఎవరిని గుర్తుంచుకోవాలో ఇప్పుడు ఆ కథే నిర్ణయిస్తోంది.

మీరు స్వయంగా పరిశీలించదలిస్తే, కథ జరిగిందన్న తేదీని పక్కన పెట్టి, ఆ కథ మొదట అచ్చయిన తేదీని వెదకండి. హెండ్రిక్స్, జాప్లిన్, మోరిసన్ చనిపోయినప్పుడు జేబులో తెల్లని బిక్ లైటర్ ఉందంటారు. బిక్ కంపెనీ వాడి పారేసే లైటర్లను అమ్మడం మొదలుపెట్టింది 1973లో. హంతక ముఠా నాయకుడు చార్లెస్ మాన్సన్ మంకీస్ అనే పాటల బృందంలో చేరడానికి పరీక్షకు వచ్చాడంటారు. ఆ ఎంపికలు జరిగిన 1965లో అతను జైలులో ఉన్నాడు, 1967 దాకా బయటికి రాలేదు. ఇలా పది నిమిషాల్లో తేలిపోయేవే ఎక్కువ. అయితే తొందరపడి అన్నిటినీ కొట్టిపారేయవద్దు. వాన్ హేలన్ బృందం తమ ఒప్పందంలో గోధుమరంగు ఎం అండ్ ఎమ్ మిఠాయిలను ఏరేయాలని షరతు పెట్టిందన్న మాట కట్టుకథలా వినిపిస్తుంది గాని, ఆ ఒప్పంద పత్రం ఉంది. నిర్వాహకులు వేదిక బరువు, కరెంటు వంటి షరతులన్నీ చదివారో లేదో కనిపెట్టడానికే ఆ షరతు పెట్టామని గాయకుడు డేవిడ్ లీ రాత్ తన ఆత్మకథలో వివరించాడు.

మెకార్ట్‌నీ కథకు ఈ శతాబ్దంలో అచ్చుగుద్దిన వారసత్వం ఒకటుంది. కెనడా గాయని ఏవ్రిల్ లవీన్ చనిపోగా ఆమె స్థానంలో మెలిస్సా అనే మరో అమ్మాయిని పెట్టారన్న వాదన 2011లో బ్రెజిల్‌లో పోర్చుగీసు భాషలో నడిచిన ఒక బ్లాగునుంచి వ్యాపించింది. కుట్ర సిద్ధాంతాలు ఎంత నిజంలా కనబడగలవో చూపడానికే ఈ బ్లాగు పెట్టామని దాన్ని నడిపినవారు అక్కడే రాసుకున్నారు. ఆ ఒక్క వాక్యం తప్ప మిగిలిందంతా, పుట్టుమచ్చల ఫొటోలతో సహా, అనువాదమై ప్రపంచమంతా తిరిగింది. విలియం క్యాంప్‌బెల్‌లాగే మెలిస్సా పేరు కూడా ఇంకా నడుస్తూనే ఉంది.